చేత్తో నింపిన తూటాలు, 25 గజాల దూరం: స్మిత్ అండ్ వెస్సన్ 686 రివ్యూ

ఈ రివాల్వర్ కొని ఏడాదిన్నర అయింది. ఇన్నాళ్లూ రివ్యూ రాయలేదంటే కారణం ఒకటే. కాల్చిన ప్రతిసారీ ఒక్కో రకంగా పడేవి, తప్పు తుపాకీదా, తూటాదా, నా చేతిదా అన్నది తేలేది కాదు, అది తేలకుండా నాలుగు స్టార్లో ఐదు స్టార్లో ఇచ్చేయడం నాకు నచ్చదు. మొన్న రెండు శనివారాలు పొద్దున్నే షూటింగ్ రేంజ్‌కి వెళ్లి, గన్ బెంచ్ మీద ఇసుక సంచుల్లో పెట్టి, నాలుగు రకాల తూటాలు ఒక పద్ధతిగా కాల్చి, ప్రతి కాగితం ఇంటికి తెచ్చి కొలిచాను. ఇప్పుడు రాయగలను.

నేనుండేది డాలస్ దగ్గర. రేంజ్ మా ఇంటికి నలభై నిమిషాలు, ఊరి బయట, పైన రేకుల షెడ్డు, ఎదురుగా మట్టి కట్ట. నాతో మా బావమరిది వచ్చాడు. తనింకా హెచ్-1బీ మీదే ఉన్నాడు, అందుకని తుపాకీ గానీ తూటా గానీ ముట్టుకోడు, గీత వెనకాల కుర్చీ వేసుకుని నోట్‌బుక్‌లో లెక్కలు రాస్తాడు. ఈ విషయం మనవాళ్లలో చాలామందికి తెలియదు కాబట్టి ఇక్కడే చెప్పేస్తున్నా. స్టూడెంట్ వీసా, హెచ్-1బీ లాంటి నాన్ ఇమిగ్రెంట్ వీసాల మీద వచ్చినవాళ్లు తుపాకీ, తూటాలు దగ్గర పెట్టుకోవడం ఇక్కడి ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్స్ ఉండటం లాంటి కొన్ని మినహాయింపులున్నాయి. రేంజ్‌లో అద్దెకు తీసుకుని గంటసేపు కాల్చినా అదే చిక్కు. వీకెండ్‌లో ఫ్రెండ్స్‌తో సరదాగా వెళ్లి, ఫొటో దిగి, దాన్ని పోస్ట్ చేసేవాళ్లను చూస్తే నాకు నిజంగా భయమేస్తుంది. గ్రీన్ కార్డు వచ్చాకే నేను మొదలుపెట్టాను. "బావా, ఒక్క రౌండ్ కాల్చి చూడనా" అని వాడు మొదటి రోజు అడిగాడు. వద్దన్నాను. మళ్లీ అడగలేదు.

ఇక గన్ సంగతి. 686 అంటే స్టెయిన్‌లెస్ స్టీలు, ఆరు తూటాలు, తూటా రకం .357 మాగ్నమ్. నాది ఆరంగుళాల బ్యారెల్, సెకండ్ హ్యాండ్. బ్యారెల్ కింద చివరిదాకా నిండుగా ఇనుము ఉంటుంది, అందువల్ల ముందు భాగం బరువు. మొత్తం కిలోంపావు దగ్గర తూగుతుంది. చేతిలో పట్టుకుంటే మొదట్లో బరువనిపిస్తుంది గానీ కాల్చేటప్పుడు ఆ బరువే కాపాడుతుంది, మూతి పైకి ఎగరదు, గురి చూసే సైటు మళ్లీ గురి మీదకి దానంతటదే వచ్చి కూర్చుంటుంది. .357 చాంబర్‌లో, అంటే సిలిండర్‌లో తూటా కూర్చునే గదిలో, .38 స్పెషల్ తూటా కూడా పడుతుంది, ఎందుకంటే .38 డొల్ల (మందు నింపే ఇత్తడి గొట్టం) ఒక పిసరు పొట్టి, మిగతా కొలతలన్నీ ఒకటే. నేను కాల్చేదంతా .38యే. 1898 నుంచి ఉన్న తూటా ఇది. పాతకాలం పోలీసుల తూటా అని తీసిపారేసేవాళ్లుంటారు గానీ కాగితం మీద గురికి, రీలోడింగ్ (కాల్చిన డొల్లని ఇంట్లో మళ్లీ నింపడం) నేర్చుకోవడానికి దీనంత మంచిది నాకు ఇంకోటి కనిపించలేదు. డొల్ల నిటారుగా గొట్టంలా ఉంటుంది, దాన్ని నొక్కి సరిచేసే అచ్చు కార్బైడ్ డై అయితే నూనె రాయక్కర్లేదు, పైగా రివాల్వర్ కాబట్టి కాల్చిన డొల్లలు గడ్డిలోకి ఎగిరిపోవు, సిలిండర్ తెరిచి తట్టితే ఆరుకి ఆరు అరచేతిలో పడతాయి.

రీలోడింగ్ తెలియనివాళ్ల కోసం నాలుగు ముక్కలు. తూటా పేలాక మిగిలేది ఇత్తడి డొల్ల. డొల్ల అడుగున మందుని అంటించే చిన్న బిళ్ల ప్రైమర్, కాలిపోయిన ఆ ప్రైమర్‌ని తోసేసి, ఉబ్బిన డొల్లని డైలో నొక్కి అసలు కొలతకి తెచ్చి, కొత్త ప్రైమర్ కొట్టి, నోరు కొంచెం విప్పార్చి, మందు తూచి పోసి, బుల్లెట్ (ముందుకి ఎగిరిపోయే గుండు) కూర్చోబెట్టి, నోరు మళ్లీ బిగించడం. చెప్పడానికి ఇంతే. మందుని తూచేది గ్రెయిన్లలో, అంటే గింజల్లో. కంసాలి దగ్గర గురివింద గింజ తూకం విన్నవాళ్లకి ఇది తొందరగా అర్థమవుతుంది, ఒక గ్రెయిన్ గురివింద గింజలో దాదాపు సగం. అందులో పదో వంతు వరకూ చూసుకోవాలి. పైగా ఈ పాతకాలపు డొల్ల పొడుగు, టార్గెట్ లోడ్‌కి వాడే మందు కొంచెమే, డొల్ల అడుగున ఎక్కడో పడి ఉంటుంది. పొరపాటున రెండోసారి పోసినా పొంగదు, పైకి కనిపించదు. రెండు మోతాదుల మందు పేలితే తుపాకీ పగలొచ్చు, చెయ్యి పోవచ్చు. అందుకని యాభై డొల్లలూ చెక్క ట్రేలో నిలబెట్టి, బుల్లెట్ పెట్టేముందు టార్చి వేసి ఒక్కో డొల్లలోకి తొంగి చూస్తాను. చీకటి గొట్టాల అడుగున బూడిద రంగు రేకులు ఒకే ఎత్తులో వరసగా కనబడాలి. ఒక్కటి తేడాగా అనిపించినా ఆ వరస మొత్తం ఒంపేసి మళ్లీ మొదటినుంచి. ఈ పని చేసేటప్పుడు ఫోన్ హాల్లో వదిలేసి వస్తాను, ఇంట్లో ఎవరూ గ్యారేజీలోకి రారు.

ఎంత మందు వాడానో ఇక్కడ రాయను. దయచేసి కామెంట్లలో అడగొద్దు. మందు తయారుచేసే కంపెనీలు, బుల్లెట్ కంపెనీలు లోడింగ్ మాన్యువల్స్ వేస్తాయి, మీ బుల్లెట్‌కి, మీ మందుకి అందులో ఉన్న మొదటి అంకె నుంచి మొదలుపెట్టాలి. ఎవరో ముక్కూ మొహం తెలియనివాడు రాసిన అంకె చూసి మందు పోసుకోవడం నేను ఒప్పుకోను, ఆ ముక్కూ మొహం తెలియనివాడు నేనే అయినా సరే.

ఇందులో నాకు ఎదురైన పెద్ద సమస్య తూకం మిషన్. మొదట్లో ఆన్‌లైన్‌లో చవగ్గా వచ్చిందని ఒక డిజిటల్ తూకం కొన్నాను. స్క్రీన్ మీద అంకె నిలకడగానే కనిపించేది. ఒకరోజు అనుమానం వచ్చి అరగంట తర్వాత చెక్ వెయిట్ (బరువు ముందే తెలిసిన చిన్న తూకపు రాయి) పెట్టి చూస్తే ఉండాల్సిన దానికంటే గ్రెయిన్‌లో మూడు పదో వంతులు తక్కువ చూపిస్తోంది, అంటే నేను పోసిన మందు మూడు పదో వంతులు ఎక్కువ. గుండె గుభేలుమంది. ఏసీ గాలి తగిలినా, ఫ్యాన్ వేసినా, పక్కన ట్యూబ్ లైటు వేసినా అంకె మెల్లగా జరిగిపోయేది. ఆ పూట నింపిన నలభై తూటాలూ పక్కన పెట్టి, సుత్తిలా ఉండే పుల్లర్‌తో ఒక్కొక్కటీ కొట్టి బుల్లెట్లు ఊడదీసి, మందంతా తీసి పారేశాను. రెండు గంటలు పట్టింది. తర్వాత పాత పద్ధతి కాటా తూకం కొన్నాను, కరెంటు అక్కర్లేదు, బ్యాటరీ అక్కర్లేదు, ముల్లు ఊగి ఊగి ఆగుతుంది. నెమ్మది, కానీ నమ్మొచ్చు. ఏ తూకం కొన్నా చెక్ వెయిట్ల సెట్టు కూడా కొనండి, ప్రతి ఇరవై తూటాలకోసారి పెట్టి చూడండి.

ఇప్పుడు పరీక్ష. నాలుగు రకాలు తీసుకున్నాను. ఒకటి, చవకరకం ఫ్యాక్టరీ తూటా, 130 గ్రెయిన్ల రాగి పూత గుండు ముక్కుది, పేరు చెప్పను. రెండు, ఫెడరల్ గోల్డ్ మెడల్ మ్యాచ్, 148 గ్రెయిన్ల వాడ్‌కటర్, పోటీల వాళ్లు వాడేది, దీన్ని కొలబద్దగా పెట్టుకున్నాను. మూడు, నేను నింపిన 158 గ్రెయిన్ల సీసం సెమీ వాడ్‌కటర్. నాలుగు, నేను నింపిన 148 గ్రెయిన్ల వాడ్‌కటర్. వాడ్‌కటర్ అంటే ముక్కు లేని బుల్లెట్, చిన్న సీసం డబ్బాలా ముందూ వెనకా చదును. దూరం పోదు, వేగం ఉండదు. కానీ కాగితానికి పెట్టే చిల్లు చూడాలి, ఆఫీసులో పంచింగ్ మిషన్‌తో కొట్టినట్టు గుండ్రంగా, అంచు చెదరకుండా. గుండు ముక్కు బుల్లెట్ కాగితాన్ని చింపుకుంటూ పోతుంది, చిల్లు అసలు బుల్లెట్ కంటే చిన్నగా, పీలికలు పీలికలుగా ఉంటుంది, కొలిచే కాలిపర్ ఎక్కడ పెట్టాలో అర్థం కాదు. వాడ్‌కటర్‌తో ఆ తలనొప్పి లేదు. రెండు దూరపు చిల్లుల బయటి అంచు నుంచి బయటి అంచుకి కొలిచి, ఒక బుల్లెట్ వెడల్పు తీసేస్తే గ్రూపు సైజు, అంటే ఒకే గురికి కాల్చిన తూటాలు ఎంత చెదిరి పడ్డాయో ఆ కొలత, చిన్నదైతే మేలు.

అందరూ ఐదేసి తూటాల గ్రూపులు కాలుస్తారు. నేను ఆరు పెట్టుకున్నాను. రివాల్వర్‌లో ఆరు చాంబర్లుంటాయి, ఒక్కో చాంబర్ వచ్చి బ్యారెల్‌కి ఎదురుగా నిలబడుతుంది, ఏ ఒక్క చాంబర్ వెంట్రుక వాసి పక్కకి నిలబడినా ఆ తూటా పక్కకే పోతుంది. ఐదే కాలిస్తే ఆ చెడ్డ చాంబర్ ఒకోసారి లెక్కలోకి వస్తుంది, ఒకోసారి రాదు. సెకండ్ హ్యాండ్ కొన్నప్పటి నుంచి నాకు ఈ అనుమానం ఉండేది కూడా. అందుకని మొదటి శనివారం సిలిండర్ మీద మార్కర్‌తో ఒకటి నుంచి ఆరు దాకా అంకెలు వేసి, ఒక్కో చాంబర్ నుంచి ఆరేసి వాడ్‌కటర్లు వేరువేరు టార్గెట్ల మీద కాల్చాను. ముప్పై ఆరు తూటాలు. ఇంటికొచ్చి ఆరు కాగితాలూ కిటికీ అద్దానికి ఒకదాని మీద ఒకటి ఆనించి వెలుతురులో చూస్తే ఆరు గుంపుల మధ్యభాగాలూ ఒకేచోట ఉన్నాయి. ఏడాదిన్నర అనుమానం ఆ కిటికీ దగ్గర తీరింది.

రెండో శనివారం అసలు పరీక్ష. 25 గజాలు, బెంచ్, ఇసుక సంచులు, సింగిల్ యాక్షన్, అంటే సుత్తిని బొటనవేలితో వెనక్కి లాగి పెట్టి కాల్చడం. టార్గెట్ ఎన్‌ఆర్‌ఏ (అమెరికా నేషనల్ రైఫిల్ అసోసియేషన్) బీ-8, దాని పది పాయింట్ల వృత్తం 3.36 అంగుళాలు. ఒక్కో రకానికి ఆరు తూటాల గ్రూపులు ఐదు, మొత్తం 120 తూటాలు. ఒక రకం ముగించి ఇంకో రకం కాకుండా నాలుగూ వంతులవారీగా కాల్చాను. అలా చేయకపోతే చివర కాల్చిన రకానికి నా అలసట, ఎండ, చెమట అన్నీ అంటుకుంటాయి. ఎనిమిదింటికి మొదలుపెట్టాం. పదింటికి పక్క బెంచ్‌లోకి ఎవరో మజిల్ బ్రేక్ (తన్నుడు తగ్గించడానికి మూతికి బిగించేది) ఉన్న రైఫిల్‌తో వచ్చారు. అది పేలినప్పుడల్లా గాలి మొహానికి కొడుతోంది, ఇయర్ మఫ్స్ కింద ప్లగ్స్ పెట్టుకున్నా ఒళ్లు ఉలిక్కిపడుతోంది. ఆ టెన్షన్‌లో కాల్చిన గ్రూపు ఒకటి వికారంగా వచ్చింది. దాన్ని తీసేయాలా అని చాలాసేపు ఆలోచించి తీసేయలేదు, లెక్కలో ఉంచాను, ఎందుకంటే బాగా రానివన్నీ ఏదో ఒక కారణం చెప్పి తీసేస్తూ పోతే చివరికి మిగిలేది మనకి కావాల్సిన అంకె. తర్వాత రేంజ్ ఆఫీసర్‌ని అడిగి చివరి బెంచ్‌కి మారాం. పెద్దాయన, మారుమాట లేకుండా తనే ఒక సంచి మోసుకొచ్చాడు.

సగటు లెక్కలు ఇవి, చిల్లు మధ్య నుంచి చిల్లు మధ్యకి. చవకరకం ఫ్యాక్టరీది 4.1 అంగుళాలు. ఫెడరల్ మ్యాచ్ 2.2. నా 158 గ్రెయిన్లది 3.1. నా 148 వాడ్‌కటర్ 2.1. ఫెడరల్‌ని నేను ఓడించానని అనను, పదో వంతు తేడా ఐదు గ్రూపుల్లో ఎటైనా మారిపోతుంది, రెండూ సమానమే అనుకోవాలి. కానీ గ్యారేజీలో కాటా తూకంతో నింపిన తూటా పోటీ తూటా పక్కన నిలబడిందంటే ఆ పూట నాకు కలిగిన సంతోషం మామూలుది కాదు. ఖర్చు చూస్తే నా డొల్లలు నేనే మళ్లీ మళ్లీ వాడుకుంటాను కాబట్టి మ్యాచ్ తూటా ధరలో సగం కూడా పడలేదు. నా టైముకి మాత్రం వెల కట్టలేదు.

ఆ 2.1 వెనక ఉన్న అంకెలు ఇంకా ముఖ్యం. ఒకే పెట్టెలోంచి తీసిన తూటాలే, ఒకే గన్, ఒకే మనిషి. మంచి గ్రూపు 1.4, చెడ్డది 2.9, రెండోది ఆ రైఫిల్ పేలుతున్నప్పటిది. బావమరిది 1.4 కాగితం ఫొటో తీసి ఇంట్లోవాళ్ల వాట్సాప్ గ్రూపులో పెట్టబోతుంటే ఆపి, 2.9 కాగితం కూడా పక్కన పెట్టి తీయమన్నాను. "ఇది ఎవరడిగారు బావా" అన్నాడు. ఎవరూ అడగరు, నిజమే. నేను ఈ గన్ కొనేముందు చదివిన రివ్యూల్లో ముప్పాతిక భాగం, మూడు తూటాల గ్రూపు ఒక్కటి చూపించి, పక్కన కొలతకి ఒక నాణెం పెట్టి ఫొటో తీసినవే. మూడు తూటాలు దగ్గరగా పడటానికి అదృష్టం చాలు. ముప్పై పడాలంటే చాలదు. అలాంటి ఫొటో చూసి నేను గంటల తరబడి నా చెయ్యే వంకర అనుకుని బాధపడ్డ రోజులున్నాయి.

ఇంకో సంగతి క్రోనోగ్రాఫ్, అంటే తూటా వేగం కొలిచేది. గార్మిన్ జీరో సీ1 ప్రో వాడాను, అరచేతిలో పట్టేంత రాడార్ పెట్టె, బెంచ్ మీద పక్కన పెడితే ప్రతి తూటా వేగం అదే రాసుకుంటుంది, పాతరకం వాటిలా ముందు స్టాండు వేసి కమ్మీల మధ్య నుంచి కాల్చక్కర్లేదు. దానికి పూర్తి మార్కులు. రీలోడింగ్ చేసేవాళ్లందరికీ వేగంలో హెచ్చుతగ్గులు తగ్గించడం మీద పిచ్చి, నాకూ ఉండేది. నా 158 గ్రెయిన్ల లోడ్‌లో స్టాండర్డ్ డీవియేషన్ (వేగంలో హెచ్చుతగ్గుల కొలత, తక్కువైతే మేలు) సెకనుకి 8 అడుగులు, వాడ్‌కటర్‌లో 14. ఈ అంకె చూస్తే మొదటిదే మేలు. గ్రూపుల్లో మాత్రం అంగుళం వెనకబడింది. కూర్చుని లెక్క వేస్తే ఆశ్చర్యం లేదు, సెకనుకి 700 అడుగులు పోయే బుల్లెట్‌కీ 750 పోయేదానికీ 25 గజాల దగ్గర కిందికి జారడంలో తేడా మూడు పదో వంతుల అంగుళమే. ఈ దూరంలో గ్రూపుని నిర్ణయించేది వేగం కాదు, బుల్లెట్ ఆకారం, దాని మందం ఈ చాంబర్లకీ బ్యారెల్‌కీ ఎంత సరిగ్గా అమిరింది, నోటి బిగింపు ఎలా ఉంది, ఇవి. ఆ 8 కోసం నేను పోయిన చలికాలం మూడు వారాంతాలు ఖర్చుపెట్టాను.

మన హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో 25 మీటర్ల పిస్టల్‌లో వెండి పతకం కొట్టినప్పుడు ఆ టార్గెట్ చూసి చాలామంది పెద్దదే కదా అనుకుని ఉంటారు. ప్రెసిషన్ భాగంలో పది వృత్తం 50 మిల్లీమీటర్లు, అంటే రెండంగుళాలు. నేను బెంచ్‌కి ఆనించి, సంచుల మీద పెట్టి, దాదాపు అదే దూరంలో సాధించిన సగటు 2.1. ఆ అమ్మాయి నిలబడి, ఒంటి చేత్తో, దేనికీ ఆనుకోకుండా కాలుస్తుంది. వాళ్లు వాడే .22 తూటాలో ప్రైమర్ మందు అంచులోనే ఉంటుంది, ఒకసారి కాలిస్తే మళ్లీ నింపడం కుదరదు, అందుకే పెద్ద షూటర్లు ఒకే కంపెనీ తూటాలు బ్యాచ్ బ్యాచ్‌గా తెప్పించి తమ పిస్టల్‌కి ఏది సరిపోతుందో కాల్చి చూసుకుని కొంటారు. నేను గ్యారేజీలో చేసిన వెతుకులాటే వాళ్లు బ్యాచ్ నంబర్లతో చేస్తారు.

686 కొనేవాళ్లకి మిగతా విషయాలు త్వరగా. వెనక సైటు స్క్రూతో తిరుగుతుంది, 130 నుంచి 158కి మారితే బుల్లెట్ పడే చోటు ఎత్తు బాగా మారుతుంది, ఒక్కో క్లిక్కు ఎంతో రాసిపెట్టుకోండి. సింగిల్ యాక్షన్ ట్రిగ్గర్ గాజు పుల్ల విరిగినట్టు తెగుతుంది. డబుల్ యాక్షన్ (సుత్తిని ముందే లాగకుండా ట్రిగ్గర్ నొక్కే కాల్చడం) బరువు, అయినా మెత్తగా సాగుతుంది. .38 ఎక్కువగా కాలిస్తే చాంబర్ల లోపల, పొట్టి డొల్ల ముగిసే చోట నల్లటి మసి ఉంగరంలా కడుతుంది, తర్వాత .357 తూటా పెడితే బిగుసుకుంటుంది. ఇది గన్ లోపం కాదు, ఏ .357కైనా ఇంతే, ప్రతి వందకీ ఇత్తడి బ్రష్ తిప్పితే పోతుంది.

సీసం గురించి మాత్రం తొందరపడి దాటేయను. మాకు ఆరేళ్ల పాప ఉంది. రేంజ్‌లో ఏమీ తినను, కాల్చాక ముందు చల్లటి నీళ్లతో సబ్బు పెట్టి చేతులు, మొహం కడుగుతాను, ఆ చొక్కా విడిగా ఉతుకుతాం. రేంజ్ బూట్లు గడప దాటి లోపలికి రావు. మనకి చెప్పులు బయట విడిచే అలవాటు ఎలాగూ ఉంది, ఇక్కడ అది నిజంగా పనికొస్తోంది. గన్ సేఫ్‌లో, తూటాలు వేరే తాళంలో. మా ఆవిడ మొదట్లో "ఇంట్లో ఇవన్నీ ఎందుకండీ" అని గట్టిగానే అంది. సేఫ్ బోల్టులు కొట్టి నేలకి బిగించాక, తాళంచెవి ఎక్కడుంటుందో, కోడ్ ఏంటో తనకీ నాకూ తప్ప ఎవరికీ తెలియకుండా చూసుకున్నాక ఊరుకుంది.

నింపిన తూటాలు ఎవరికైనా అమ్మొచ్చా అని ఇద్దరు అడిగారు. సొంతానికి నింపుకోవడానికి ఫెడరల్ లైసెన్స్ అక్కర్లేదు, అమ్మకానికి నింపాలంటే కావాలి. నేనైతే ఊరికే కూడా ఇవ్వను. నా తూటాలు నా గన్‌లోనే.

గన్‌కి ఐదు స్టార్లు. చవకరకం తూటా, ఖాళీ డబ్బాల మీద కాల్చి నేర్చుకునేవాళ్లకైతే పర్వాలేదు, గురి కొలవాలనుకునేవాళ్లకి వద్దు. 158 గ్రెయిన్ల బుల్లెట్లు ఇంకా రెండు వందలున్నాయి, వచ్చే నెల నోటి బిగింపు మార్చి మళ్లీ ఐదు గ్రూపులు కాలుస్తాను, ఆ లెక్క ఇక్కడే కింద కలుపుతాను, 3.1 కంటే పెరిగినా సరే.